కీలుబొమ్మల సంధులు - రంగుపూత, రక్షణ: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కదిలే అవయవాలున్న బొమ్మలో రంగు మొదట చెడేది కీళ్ల దగ్గర. అక్కడ రెండు తలాలు నిత్యం ఒరుసుకుంటాయి. రంగు పలుచనైతే అరిగిపోతుంది, మందమైతే కీలు బిగుసుకుపోతుంది. తెలంగాణ కొయ్యబొమ్మలాట, రాయలసీమ తోలుబొమ్మలాట, చేర్యాల, కొండపల్లి, ఏటికొప్పాక హస్తకళలు ఈ సమస్యను ఏయే పదార్థాలతో ఎదుర్కొన్నాయో, నేడు ప్రపంచవ్యాప్తంగా ఆదరణ పొందుతున్న బంతికీళ్ల రెసిన్ బొమ్మల విషయంలో అదే సమస్య ఏ రూపంలో కనిపిస్తున్నదో ఈ వ్యాసం వివరిస్తుంది. బొమ్మలాటను కథగా, గేయంగా అధ్యయనం చేసే పరిశోధకులు బొమ్మను వస్తువుగా కూడా నమోదు చేయవలసిన అవసరాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: కీలుబొమ్మ, సంధి, కొయ్యబొమ్మలాట, తోలుబొమ్మలాట, నకాషీ, లక్కపూత, రెసిన్ బొమ్మలు.

1. ఉపోద్ఘాతం:

వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే రహదారిలో వర్ధన్నపేట, రాయపర్తి దాటితే తొర్రూరు వస్తుంది. ఆ మండలంలోని అమ్మాపురం కొయ్యబొమ్మలాటకు పేరుపడ్డ గ్రామం. చిందు యక్షగాన కథలను బొమ్మలతో ఆడడం వల్ల దీనికి చిందు బొమ్మలాట అనే వ్యవహారం కూడా ఉంది. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు వర్ధన్నపేట, తొర్రూరు, పాలకుర్తి, చేర్యాల అన్నీ ఒకే వరంగల్ జిల్లాలోనివి. ఇప్పుడు తొర్రూరు మహబూబాబాద్ జిల్లాలో, పాలకుర్తి జనగామ జిల్లాలో, చేర్యాల సిద్దిపేట జిల్లాలో ఉన్నాయి. పరిపాలనా సరిహద్దులు మారినా ఒక విషయాన్ని గమనించాలి. బొమ్మను ఆడించేవారి ఊరు, బొమ్మకు రంగులద్దే నకాషీల ఊరు, బొమ్మలాటను కావ్యంలో ప్రస్తావించిన పాల్కురికి సోమనాథుని ఊరు, ఈ మూడూ ఒకదానికొకటి దగ్గరివే. శివరాత్రినాడు శ్రీశైలం చేరిన యాత్రికులు చూసే వినోదాలను వర్ణిస్తూ సోమనాథుడు పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో తెరమరుగు బొమ్మల ఆటను పేర్కొన్నాడు.

బొమ్మలాటపై తెలుగులో వచ్చిన పరిశోధన ప్రధానంగా ఇతివృత్తాన్ని, గేయాన్ని, ప్రదర్శన విధానాన్ని, కళాకారుల సామాజిక నేపథ్యాన్ని పట్టించుకున్నది. ఇవన్నీ అవసరమైనవే. అయితే బొమ్మ నిర్మాణానికి ఆ గ్రంథాలలో దక్కే చోటు తక్కువ, అందులో కీలుకు దక్కేది మరీ తక్కువ. ప్రదర్శనలో మాత్రం పరిస్థితి తలకిందులుగా ఉంటుంది. గాయకుని గొంతు ఒకరోజు బొంగురుపోయినా ఆట సాగుతుంది. హనుమంతుని మోచేతి కీలు బిగుసుకుపోతే గద లేవదు.

2. కీలు, సంధి - పదవిచారం:

సంస్కృతంలో 'కీల' శబ్దానికి మేకు, చీల అనే అర్థాలున్నాయి. తెలుగు 'కీలు' ఆ అర్థం నుంచి విస్తరించి ఎముకల కూడలిని, తలుపు బందును, యంత్రంలోని మర్మాన్ని కూడా చెప్పే మాటైంది. 'కీలకం' అదే కుటుంబానికి చెందినది. పరిశోధన వ్యాసాల తలకట్టులో నిత్యం వాడే 'కీలకపదాలు' అన్న మాటలో ఒక చెక్కమేకు దాగి ఉన్నదని చాలామంది గమనించరు. జానపద కథల కీలుగుర్రం, 1949లో అదే పేరుతో వచ్చిన చలనచిత్రం, కీలు అంటే గుప్తమైన యంత్రరహస్యం అనే భావాన్ని జనంలో నిలిపాయి.

రాజకీయ పరిభాషలో కీలుబొమ్మ అంటే స్వతంత్రత లేనిది. ఆ నిందకు కారణం దారం, కానీ పేరు మాత్రం కీలుది. దారం పట్టినవాడికి సూత్రధారి అన్న గౌరవం దక్కింది, నింద కీలు మీద పడింది. నిజానికి కీలు లేని బొమ్మను దారంతో ఈడ్చవచ్చు, ఆడించలేము. కీలెరిగి వాత పెట్టాలన్న సామెతను రంగుకు అన్వయిస్తే కీలెరిగి కుంచె పెట్టాలని చెప్పవలసి ఉంటుంది.

పాఠశాల విజ్ఞానశాస్త్ర పుస్తకాలు శరీరంలోని కీళ్లకు చక్కని తెలుగు పేర్లు పెట్టాయి. బంతిగిన్నె కీలు, మడతబందు కీలు, బొంగరపు కీలు, జారెడు కీలు. బొమ్మల అధ్యయనంలో ఈ పేర్లను యథాతథంగా వాడుకోవచ్చు. కొయ్యబొమ్మ మోచేయి మడతబందు కీలు, మెడ బొంగరపు కీలు, రెసిన్ బొమ్మ భుజం బంతిగిన్నె కీలు. కొత్త పరిభాష కల్పించవలసిన పని లేదు.

'సంధి' అన్న మాట తెలుగు అధ్యాపకులకు వెంటనే వ్యాకరణాన్ని గుర్తుచేస్తుంది. ఆ పోలిక ఇక్కడ నిజంగానే ఉపయోగపడుతుంది. కొండపల్లి బొమ్మలో చేయి, తల, మొండెం విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. పైన సున్నపు పూత, రంగు పడ్డాక అతుకు కనిపించదు. ఇది ఏకాదేశం. రెండు కలిసి ఒకటైపోయాయి. కీలుబొమ్మలో జరగవలసింది ప్రకృతిభావం. రెండు భాగాలు పక్కపక్కనే ఉండాలి, కలవకూడదు. కొండపల్లి పద్ధతిని కీలుబొమ్మకు అప్పగిస్తే బొమ్మ శిల్పమవుతుంది.

3. పూత మందం:

సంధిలో సందు ఉండాలి. ఎంత సందు అన్నదే ప్రశ్న. కుంచెతో వేసిన నూనెరంగు ఒక పూత ఆరిన తర్వాత సుమారు 0.03 నుంచి 0.04 మిల్లీమీటరు మందం ఉంటుంది. కంటికి అది లేనట్టే. కాని మోచేతి కీలును తీసుకుంటే, ముంజేతి కొసన నాలుకలాంటి పలక ఉంటుంది, పై చేతి కొసన ఆ పలక దూరే గాడి ఉంటుంది. పలకకు రెండు ముఖాలు, గాడికి లోపల రెండు ముఖాలు, మొత్తం నాలుగు తలాలు. ఒక్కొక్క తలానికి మూడు పూతలు వేస్తే పన్నెండు పొరలు చేరతాయి. అంటే దాదాపు 0.4 మిల్లీమీటరు సందు రంగుతోనే నిండుతుంది. ఇది విజిటింగ్ కార్డు మందానికి మించినది. కింద సుద్దపూత కూడా ఉంటే ఇంకా ఎక్కువ. చెక్కిననాడు చక్కగా ఆడిన చేయి రంగు వేసిన తర్వాత మొరాయించడానికి కారణం ఇదే.

బిగుసుకున్న కీలును బలవంతంగా ఆడిస్తే రంగు అరగడంతో ఆగదు, పెచ్చులుగా లేస్తుంది. లేచిన పెచ్చు సందులో ఇరుక్కుని ఉప్పుకాగితంలా మిగిలిన రంగును గీస్తుంది. మరొక ఇబ్బంది వేసవిలో కనిపిస్తుంది. నూనెరంగు పూసిన రెండు తలాలు పెట్టెలో నెలల తరబడి ఒకదానికొకటి అదిమి ఉంటే వేడికి మెత్తబడి అతుక్కుంటాయి. విడదీసినప్పుడు ఒకవైపు రంగు రెండోవైపుకు అంటుకుని వస్తుంది. కాబట్టి మూడు ప్రమాదాలూ ఒకే చోట ఉన్నాయి, ఒకదానికి చేసిన చికిత్స రెండోదానికి హాని కావచ్చు. అరుగుదల తట్టుకోవాలని మరో పూత వేస్తే బిగుతు పెరుగుతుంది. బిగుతు తగ్గాలని నూనె పోస్తే రంగు మెత్తబడి దుమ్ము పడుతుంది.

దీనికి అందరికన్నా ముందు చెప్పుకోదగిన పరిష్కారం అతి సాదా అయినది. ఒరుసుకునే తలానికి రంగు వేయకపోవడం. చేయి పూర్తిగా ముడిచినప్పుడు, పూర్తిగా చాచినప్పుడు ఏ భాగం బయటికి కనిపిస్తుందో సీసపు కడ్డీతో గీత గీసుకుని, కుంచెను ఆ గీత దగ్గర ఆపడం. కనిపించే అంచుకు మాత్రం ఒంటిరంగు కలిసేలా పలుచని అద్దకం ఇస్తే సరిపోతుంది. అది చెక్కలోకి ఇంకుతుంది, పొరగా నిలబడదు.

4. కొయ్య, సుద్ద, లక్క:

తెలుగునాట బొమ్మల కొయ్య అనగానే తెల్ల పొణికి గుర్తుకు వస్తుంది. కొండపల్లి, నిర్మల్, చేర్యాల మూడూ దీనిని వాడుకున్నాయి. తేలిక, మెత్తన, ఉలికి సులభంగా లొంగుతుంది. ఈ గుణాలే కీలు విషయంలో చిక్కు తెస్తాయి. మెత్తని కొయ్యలో గట్టి చీల తిరిగితే చీల అరగదు, రంధ్రం అరుగుతుంది. కొన్నాళ్లకు రంధ్రం కోలగా మారి చేయి వేలాడుతుంది. గట్టి కొయ్య ముక్కను గాని, పలుచని తోలును గాని రంధ్రానికి అస్తరుగా అమర్చితే ఈ అరుగుదల అస్తరుకు పరిమితమవుతుంది. దానిని మార్చవచ్చు, మొండేన్ని మార్చనక్కరలేదు. వానాకాలంలో కొయ్య తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు మారదు. అందువల్ల పలక అడ్డం దిక్కున గాడిలో కొంచెం వదులు ఉండాలి. ఎండాకాలంలో సరిగ్గా అమరిన కీలు శ్రావణంలో బిగుస్తుంది. అప్పుడు ఉప్పుకాగితం పట్టేవారు కార్తికానికి వదులు కీలుతో మిగులుతారు.

చేర్యాల నకాషీల పనితనం ముఖ్యంగా నేల సిద్ధం చేయడంలో ఉంది. పటానికి ఖాదీ గుడ్డపై గంజి, సుద్ద, బంక, ఉడికించిన చింతగింజల పిండి కలిపిన లేపనాన్ని పలుమార్లు పూసి ఆరబెడతారు. మాస్కుల విషయంలో కొబ్బరిచిప్ప లేదా పొణికి మీద చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో ముక్కు, కనుబొమలు తీర్చి, సుద్ద పూసి, ఆపైన రంగులు వేస్తారు. ఆ సుద్దనేల వల్లే చేర్యాల ఎరుపు అంత నిండుగా కనిపిస్తుంది. కదలని తలానికి ఇంతకన్నా మంచి నేల లేదు. కదిలే తలానికి ఇంతకన్నా చెడ్డ నేలా లేదు. సుద్ద వంగదు, ఒరిపిడికి పొడిగా రాలుతుంది. కాబట్టి ముఖానికి, మొండేనికి సుద్దనేల ఉంచి, కీలు అంచుకు ఒక వేలెడు దూరంలోనే దానిని పలుచన చేస్తూ ఆపాలి. అక్కడినుంచి నేరుగా కొయ్య మీద పలుచని రంగు.

కొయ్య కీలుకు చివరి మెరుగు మైనం. తేనెమైనం గాని కొవ్వొత్తి గాని పలక రెండు ముఖాలకు రుద్ది గుడ్డతో తుడిస్తే రంగు లేకుండానే కొయ్యకు తేమ నుంచి కొంత రక్షణ, కీలుకు జారుడు రెండూ వస్తాయి. అయితే మైనం తాకిన చోట ఆ తర్వాత ఏ రంగూ పట్టదు. మైనం పని ఎప్పుడూ ఆఖరున జరగాలి, మళ్లీ రంగు వేయవలసి వస్తే ముందు మైనాన్ని పూర్తిగా తొలగించాలి. ఈ వరుస తప్పినవారు రంగు నాణ్యతను తిడుతుంటారు.

ఏటికొప్పాక లక్కపూత మరో మార్గం చూపుతుంది. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రకు పలుచగా పట్టుకుంటుంది. మొగలి ఆకుతో మెరుగు పెడతారు. ఈ కళలో సహజవర్ణాల పునరుద్ధరణకు కృషి చేసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. కీలు దృష్టితో చూస్తే లక్కకు ఒక ప్రత్యేకత ఉంది. అది కుంచెపూతలా పైన కూర్చున్న పొర కాదు, ఒరిపిడిలోనే పుట్టిన పొర. తరిణె పట్టిన భాగం గుండ్రంగా ఉంటుంది కాబట్టి బొంగరపు కీలుకు, బంతిగిన్నె కీలుకు తగినది. ఒక పరిమితి మాత్రం గుర్తుంచుకోవాలి. లక్క 70 డిగ్రీల దరిదాపుల్లో మెత్తబడుతుంది, సారాయి జాతి ద్రవాలలో కరుగుతుంది. రోహిణి ఎండలో అద్దాలు మూసిన కారులో వదిలేయడం, శానిటైజరుతో తుడవడం ఈ బొమ్మకు పనికిరావు.

5. తోలుబొమ్మ - పొర లేని రంగు:

ఆంధ్ర తోలుబొమ్మలు పరిమాణంలో పెద్దవి. నడుము, భుజాలు, మోచేతులు, మోకాళ్ల దగ్గర కీళ్లుంటాయి. రెండువైపులా రంగు వేయడం వల్ల తెరమీద రంగుల నీడ పడుతుంది. శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట ఈ కళకు నేటి ముఖ్యకేంద్రం. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు.

పదును చేసి, వెంట్రుకలు గీకి ఆరబెట్టిన మేకతోలు కాంతిని పోనిస్తుంది. దానికి వేసే రంగు తోలులోకి ఇంకే అద్దకం. పొర ఏర్పడదు, అందువల్ల పెచ్చు లేచే ప్రసక్తి లేదు. కొయ్యబొమ్మను వేధించే బిగుతు ఇక్కడ సమస్యే కాదు. కీలు దగ్గర వచ్చే చిక్కు వేరొకటి, అది వెలుతురుకు సంబంధించినది. పై చేయి, ముంజేయి ఒకదానిపై ఒకటి పడ్డ చోట తోలు రెండు పొరలవుతుంది. రెండూ ముదురు రంగైతే తెరమీద మోచేయి నల్లని మచ్చగా కనిపిస్తుంది. ఒక పొరకు నిండు రంగు ఇచ్చి, దాని వెనుక పడే పొర కొసను లేతగా వదిలితే నీడ రంగు సమంగా ఉంటుంది. ఇక్కడ కూడా రంగు తెలిసినవాడు రంగు వేయని చోటును ఎంచుకుంటున్నాడు, కారణం మాత్రం వేరు.

తోలు కీలుకు అసలు శత్రువు చిరుగు. దారం ముడి నేరుగా పలుచని తోలుపై లాగితే రంధ్రం సాగుతుంది. ముడికి ఇరువైపులా చిన్న తోలు బిళ్లలు వేస్తే లాగుడు బిళ్లంతటికీ పంచుకుపోతుంది. రంధ్రం గుండ్రంగా పొడవాలి. కత్తితో చీల్చిన గాటు కొసనుంచి చిరుగు మొదలవుతుంది, గుండ్రని రంధ్రానికి అలాంటి కొస ఉండదు. ఆభరణాల కోసం చేసే చిల్లుల అల్లికను కీలు చుట్టూ రెండు వేళ్ల మేర వదిలిపెట్టాలి. భుజకీర్తి చిల్లులు భుజం కీలుకు మరీ దగ్గరగా ఉంటే పోస్టల్ స్టాంపు అంచులా అక్కడే ఊడిపోతుంది. వార్నిష్ పూసి కాపాడాలన్న ఆలోచన మంచిది కాదు. తోలు వంగుతుంది, ఆరిన వార్నిష్ వంగదు, ఆ పగుళ్లు వెలుతురులో గీతలుగా కనిపిస్తాయి. తేమకు తోలు ముడుచుకుని చుట్టుకుంటుంది కాబట్టి అవయవాలను సరిగ్గా పరచి బల్లపరుపుగా భద్రపరచడం అన్ని లేపనాలకన్నా మేలైన రక్షణ.

ఇక్కడ ఒక అంశాన్ని ప్రత్యేకంగా పేర్కొనాలి. నిమ్మలకుంట కళాకారులు ఆటలకు ఆదరణ తగ్గిన తర్వాత దీపపు గొడుగులు, గోడ అలంకరణలు చేస్తూ జీవనోపాధి నిలుపుకున్నారు. అది వారి చాతుర్యం, దానిని తక్కువ చేయడానికి లేదు. కాని దీపపు గొడుగుకు తోలు పదును కావాలి, చిల్లుల పని కావాలి, రంగు కావాలి, కీలు అక్కరలేదు. చేర్యాల మాస్కుకూ, గోడకు తగిలించే పటానికీ కీలు అక్కరలేదు. మార్కెట్టు ఈ కళలలో మిగిలిన నైపుణ్యాలన్నిటినీ ఏదో ఒక రూపంలో బతికిస్తున్నది. కీలు నైపుణ్యం ఒక్కదానికే కొనుగోలుదారు లేడు. ప్రదర్శన ఆగిన తరంలోనే అది ఆగిపోతుంది.

6. రెసిన్ బొమ్మలు - పాత సమస్య, కొత్త పదార్థం:

కీలుకు కొనుగోలుదారులు ఉన్న చోటు ఒకటి ఉంది, అది ఇంకెక్కడో ఉంది. కదిలే అవయవాల బొమ్మ మానవజాతికి పాతదే. మొహంజొదారోలో తల ఆడే ఎద్దు బొమ్మ దొరికింది. క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దపు గ్రీకు మట్టిబొమ్మలకు కదిలే కాళ్లూ చేతులూ ఉన్నాయి. 1930లలో జర్మన్ కళాకారుడు హాన్స్ బెల్మర్ బెర్లిన్ మ్యూజియంలోని 16వ శతాబ్దపు కీళ్ల కొయ్యబొమ్మలను చూసి బంతికీళ్ల బొమ్మ చేశాడు. ఆ ప్రభావం జపాన్ బొమ్మల శిల్పులకు చేరింది. 1999లో క్యోటోకు చెందిన వోక్స్ సంస్థ 'సూపర్ డాల్ఫీ' పేరుతో పాలియూరెథేన్ రెసిన్‌తో పోతపోసిన బంతికీళ్ల బొమ్మలను విడుదల చేసింది. తర్వాత కొరియా, చైనా తయారీదారులు ఈ రంగంలోకి వచ్చారు. వీటిని కొన్నవారు ముఖాన్ని తుడిచి తామే రంగు వేసుకోవడం, ఒంటికి ఛాయలు దిద్దుకోవడం మామూలు. ఈ బొమ్మకు ఆటగాడు, నకాషీ ఒకే వ్యక్తి.

ఈ బొమ్మ అవయవాలు లోపల గుల్లగా ఉంటాయి. గుల్లలోంచి సాగే తాడు పోయి తలనూ, చేతులనూ, కాళ్లనూ బిగించి పట్టుకుంటుంది. ఒక అవయవం కొసన బంతి, ఎదుటి అవయవంలో గిన్నె. తాడు బిగువే బంతిని గిన్నెలో అదుముతుంది. కొయ్యబొమ్మ చేయి బరువుకు వేలాడుతుంది కాబట్టి అక్కడ ఒరిపిడి తక్కువ. రెసిన్ బొమ్మలో అదుము నిరంతరం ఉంటుంది, భంగిమ నిలవడానికి ఆ ఒరిపిడే ఆధారం. అంటే రంగుకు హాని చేసేదాన్ని తొలగించడానికి వీలులేదు. దానితో కాపురం చేయాలి.

పద్ధతి ఇలా ఉంటుంది. బొమ్మను విప్పి, తాడు తీసి, అచ్చు జిడ్డు పోయేలా సబ్బునీటితో కడిగి ఆరబెడతారు. అచ్చు అతుకు గీతలను ఉప్పుకాగితంతో తడిగా రుద్దుతారు. పొడిగా రుద్దితే లేచే రెసిన్ ధూళి ఊపిరితిత్తులకు హానికరం, తడిగా రుద్దినా ముక్కుకు మాస్కు ఉండాలి. తర్వాత మెరుపు లేని రక్షకద్రవాన్ని పిచికారీ చేస్తారు. నున్నని రెసిన్‌కు అది సన్నని గరుకుదనం ఇస్తుంది. చేర్యాలలో సుద్ద చేసే పని ఇక్కడ ఈ ద్రవం చేస్తుందని చెప్పవచ్చు. ఆపైన మెత్తని పాస్టెల్ సుద్ద పొడిని కుంచెతో అద్ది ఛాయలు ఇస్తారు, నీటితో కలిపే అక్రిలిక్ రంగుతో సన్నని గీతలు తీస్తారు, మళ్లీ రక్షకద్రవం. పలుచని పొరలు ఎక్కువసార్లు వేయాలి, మందమైన పొర ఒక్కసారి వేయకూడదు.

కీలు దగ్గరికి వచ్చేసరికి నిపుణులు అనుసరించేది పైన చెప్పిన కొయ్యబొమ్మ సూత్రమే. బంతి మీద, గిన్నె లోపల రంగు వేయరు. మోకాలిపై ఎర్రని ఛాయను గిన్నె పెదవికి కొంచెం ముందే సన్నగా కరిగిపోనిస్తారు. బంతి బయటికి కనిపించే భాగం తెల్లగా, ఒళ్లు ఛాయగా ఉండి ఎబ్బెట్టనిపిస్తే కనిపించే పట్టీకి మాత్రం పలుచని పాస్టెల్ ఇస్తారు, అది కాలక్రమంలో పోతుందని తెలిసే ఇస్తారు. గిన్నె లోపల పలుచని మెత్తని తోలు అతికించడం మరో ఉపాయం. తోలు బంతిని పట్టి నిలుపుతుంది, భంగిమ జారదు, రెసిన్‌కు రెసిన్ తగలదు. కొందరు తోలుకు బదులు కరిగించిన జిగురును పలుచగా పూసి వాడతారు. అది తీయడం సులభమే గాని కొన్నాళ్లకు ఊడుతుంది, తోలంత మన్నిక లేదు. తెల్లని బొమ్మకు రంగు తోలు అతికించకూడదు, అద్దకం రెసిన్‌లోకి దిగుతుంది. ముదురు రంగు బట్టల వల్ల కూడా కీళ్ల దగ్గర ఇదే మరక వస్తుంది.

వరంగల్ ప్రాంతంలో ఈ పని చేసేవారు వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. వర్షాకాలపు తేమలో రక్షకద్రవం పిచికారీ చేస్తే పొర తెల్లగా మంచుపట్టినట్టు మసకబారుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఈ పని పెట్టుకోకపోవడం ఉత్తమం. చలికాలపు పొడి మధ్యాహ్నాలు అనుకూలం. పిచికారీ ఆరుబయట, రసాయనిక ఆవిరిని ఆపే మాస్కుతో జరగాలి, మామూలు గుడ్డ మాస్కు దీనికి సరిపోదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలియూరెథేన్‌ను పసుపుపచ్చగా మారుస్తాయి. రక్షకద్రవం దీనిని కొంత ఆలస్యం చేయవచ్చు, ఆపలేదు. ఎండ తగలని భాగం తెల్లగా ఉండిపోతుంది కాబట్టి కొన్నేళ్ల తర్వాత మోకాలు ముడిస్తే బంతి మీద రెండు రంగుల హద్దు కనబడుతుంది. బొమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టకపోవడం తప్ప దీనికి మందు లేదు.

పాత రంగును తీయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సాధారణంగా రెసిన్‌కు హాని చేయదు. అదే ద్రవం ఏటికొప్పాక లక్కను కరిగిస్తుంది. అసిటోన్ రెసిన్ తలాన్ని పాడుచేయవచ్చు. బొమ్మ ఏ పదార్థమో తేల్చుకోకుండా ఏ సీసా మూతా తీయకూడదు. సాగే తాడు ఏళ్లు గడిచేకొద్దీ బిగువు కోల్పోతుంది. దానిని మార్చే రోజే కీళ్లను పరీక్షించడానికి, తోలు అస్తరు మార్చడానికి తగిన రోజు.

7. మళ్లీ రంగు వేసే ముందు:

ప్రదర్శనలో ఉన్న బొమ్మకు తరచుగా మళ్లీ రంగు వేస్తారు. ఆడేవారికి అది పని ముట్టు, మెరవాలి. మ్యూజియానికి చేరిన బొమ్మ విషయం వేరు. అక్కడ అరిగిన రంగు ఒక పత్రం. ఏ చేయి ఎక్కువ అరిగిందో చూస్తే ఏ పాత్ర ఏ చేత్తో ఎక్కువ అభినయించిందో తెలుస్తుంది. పొరలు లెక్కిస్తే ఎన్నిసార్లు రంగు వేశారో, సుద్ద ఎప్పుడు పోయి కొట్టు రంగు ఎప్పుడు వచ్చిందో ఊహించవచ్చు. దానిని కొత్తగా చేయడం చదవకముందే తాళపత్రాన్ని తుడిచినట్టు. ఈ రెండు దృక్పథాల మధ్య తీర్పు చెప్పవలసిన పని పరిశోధకునికి లేదు. కళాకారుడు తన బొమ్మకు రంగు వేసుకునే హక్కును ఎవరూ ప్రశ్నించలేరు. రంగు వేసే ముందు ఒక పూట సమయం అడగడం మాత్రం పరిశోధకునికి సాధ్యం.

ఆ పూటలో చేయవలసినది సాధారణ క్షేత్రపర్యటనలో జరగదు. బొమ్మను ఎదురుగా నిలబెట్టి ఫొటో తీసుకుని రావడం అలవాటు. ఆ ఫొటోలో కీలు మూసి ఉంటుంది. చిందు యక్షగానానికి 2024లో గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చిన తర్వాత జనగామ, తొర్రూరు ప్రాంతాల ప్రదర్శన కళలపై విద్యార్థుల దృష్టి పడే అవకాశం ఉంది. అమ్మాపురం వెళ్లే విద్యార్థి తన ప్రశ్నావళిలో కథ పేరు, రాగం, దరువులతోపాటు మరికొన్ని చేర్చుకోవచ్చు. చీలకు ఏ కర్ర వాడారు. చీలను, గాడిని, పలకను ఇంట్లో ఏమని పిలుస్తారు. ఆ మాట నిఘంటువులో ఉన్నదా. వానాకాలంలో బిగిసిన కీలుకు ఏం చేస్తారు. రంగు ఎవరు వేశారు, ఆడేవారా, నకాషీలా, పట్నంలో పెయింటరా.

కళాకారుని అనుమతితో, ఆయన చేతులతోనే ఒక్క కీలు విప్పించగలిగితే చీల పొడవు, రంధ్రం వెడల్పు కొలవాలి. పలక రెండు ముఖాలను, గాడి లోపలిభాగాన్ని పక్కవెలుతురులో ఫొటో తీయాలి. అక్కడ ఒరిపిడికి నున్నబడ్డ కొయ్య, దాని చుట్టూ రంగు ఆగిన గీత కనిపిస్తాయి. ఆ గీత తిన్నగా ఉన్నదా, చేయి తిరిగే వంపును అనుసరించి విల్లులా ఉన్నదా అన్నది ప్రత్యేకంగా రాసుకోవాలి. విల్లులా ఉంటే రంగు వేసినవారు చేయిని ఆడించి చూసి వేశారు.